కదురు – పట్టు విడుపులు

ఉద్దేశం

మనిషి కట్టుకొనే వస్త్రం వెనుక నూలు ఉంది. నూలు వెనుక కదురు ఉంది. కదురుకూ, దానిమీది కండెకూ ఉన్న ఆధారంలో కాలక్రమాన వచ్చిన మార్పులను తెలపటం, చిన్న భాగాన్ని సరిదిద్దితే పెద్ద పరిశ్రమ గమనం ఎలా మారుతుందో విద్యార్థులు గ్రహించేటట్లు చేయటం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నన్నయ భారతం ఆదిపర్వంలో ఉదంకోపాఖ్యానం ఉంది. కుండలాలను వెదుకుతూ నాగలోకం చేరిన ఉదంకునికి తెల్లని, నల్లని నూళ్లతో వస్త్రం నేస్తున్న ఇద్దరు స్త్రీలు కనిపిస్తారు. ఆ తెలుపు నలుపులు పగళ్లూ రాత్రులూ. కాలగమనాన్ని చూపటానికి ఆ కథ నేతను ఆశ్రయించింది. మగ్గం, పడుగు, పేక మన భాషలో, సామెతలలో స్థిరపడిన మాటలు. అయితే ఆ నూలు ఎక్కడ పుట్టింది, దానిని వడికిన కదురు దేనిమీద నిలిచి తిరిగింది అని అడిగేవారు తక్కువ. నూలు మిల్లుల చరిత్రలో మాత్రం ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలే గొప్ప మలుపులయ్యాయి.

1. పురి, చుట్టు

వడకటం అంటే మూడు పనులు. దూదిని సన్నగా సాగదీయటం మొదటిది. సాగిన దూదికి పురి ఎక్కించటం రెండవది. తయారైన నూలును చుట్టి భద్రపరచటం మూడవది. రాట్నంమీద వడికేవారు మొదటి రెండు పనులను కలిపి చేస్తారు. చెయ్యి చాచినంత దూరం పోగు వచ్చాక ఒక్క క్షణం ఆగి, ఆ నూలును కదురుకు చుట్టుతారు. మళ్లీ ఏకును అందుకొంటారు. ఆగటం, సాగటం అనే ఈ లయ చేతి వడుకుకు సహజం.

పద్దెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులో ఈ పని యంత్రాలకెక్కింది. జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఒకే చక్రంతో అనేక కదుళ్లను తిప్పే జెన్నీని రూపొందించాడు. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1769లో నీటి బలంతో నడిచే వడుకు యంత్రానికి పేటెంటు పొందాడు. శామ్యూల్ క్రాంప్టన్ 1779లో ఈ రెండింటి గుణాలను కలిపి మ్యూల్ అనే యంత్రాన్ని నిర్మించాడు. మ్యూల్ సన్నని, మేలైన నూలును ఇచ్చింది. కానీ అది కూడా రాట్నంవలెనే కొంతసేపు వడికి, కొంతసేపు చుట్టేది.

ఆ విరామాన్ని తొలగించిన పద్ధతులలో ముఖ్యమైనది రింగు వడుకు. అమెరికాకు చెందిన జాన్ థార్ప్ 1828లో దీనికి పేటెంటు తీసుకొన్నాడు. ఈ పద్ధతిలో కండె నిటారుగా నిలిచిన కదురుమీద కూర్చుంటుంది. మిల్లులో బాబిన్ అని పిలిచేది ఈ కండెనే. దాని చుట్టూ ఒక ఉక్కు వలయం ఉంటుంది. అదే రింగు. రింగు అంచును పట్టుకొని ఒక చిన్న కొక్కెం పరుగెత్తుతుంది. దాని పేరు ట్రావెలర్. నూలు ఆ కొక్కెం గుండా కండెను చేరుతుంది. కొక్కెం ఒక చుట్టు తిరిగితే నూలుకు ఒక పురి ఎక్కుతుంది. కొక్కెం కండెకన్న కొద్దిగా వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు మేరకు నూలు కండెకు చుట్టుకొంటుంది. ఈ విధంగా పురి, చుట్టు ఏకకాలంలో సాగిపోతాయి. ఆగవలసిన అవసరం లేదు. ఇక ఉత్పత్తి పెరగాలంటే కదురు వేగం పెరగాలి. అక్కడే చిక్కు వచ్చింది.

2. వేగానికి వచ్చిన అడ్డు

ఆనాటి కదురు పొడవైన, బరువైన ఉక్కు కడ్డీ. దాని అడుగు కొన ఒక గుంటలో నిలిచేది. కొంత ఎత్తులో కడ్డీ మెడను మరొక ఆధారం పట్టి ఉంచేది. కండె ఆ రెండు ఆధారాలకూ పైన ఉండేది. జెండా కర్రను అడుగున మాత్రమే పట్టుకొని నడిచేవాని చేతిలో దాని కొన ఎంతగా ఊగుతుందో అందరికీ తెలిసినదే. పైన బరువు మోస్తూ తిరిగే కదురుదీ అదే స్థితి.

పైగా ఏ కండె బరువూ నూటికి నూరు పాళ్లు నడిమి గీతమీదే ఉండదు. కొయ్యలో ఒక పక్క గట్టిదనం ఉంటుంది. నూలు చుట్టలో ఒక పక్క హెచ్చు ఉంటుంది. నెమ్మదిగా తిరిగినంతసేపు ఈ లోపం బయటపడదు. వేగం హెచ్చితే అపకేంద్ర బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. కండె బరువు కేంద్రం తిరిగే గీతకు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే పక్కకు ఉన్నదనుకొందాం. నిమిషానికి 3,000 చుట్లు తిరిగినప్పుడు పుట్టే పక్కతోపు దాదాపు ఆ కండె బరువుకు సమానం. 6,000 చుట్లకు అది బరువుకు నాలుగింతలు. 18,000 చుట్లకు ముప్ఫైఆరింతలు. ప్రతి చుట్టుకూ ఈ తోపు దిశ మారుతూ ఆధారాన్ని నలుదిక్కులా కొడుతుంది. అందువల్ల కదురు అదురుతుంది, మెడ అరుగుతుంది, పోగు తెగుతుంది. ఏకు మేకైనట్లు వెంట్రుకవాసి లోపం యంత్రాన్నే కుదిపివేస్తుంది.

మొదట తోచిన ఉపాయం సహజమైనదే. అదిరేదానిని మరింత గట్టిగా బిగించటం, కడ్డీని మరింత లావు చేయటం. ఫలితం మాత్రం తారుమారైంది. లావైన కడ్డీని తిప్పటానికి బలం ఎక్కువ కావలసి వచ్చింది. బిగించిన చోట రాపిడి, వేడి పెరిగాయి.

3. సాయర్ మార్గం, రాబెత్ మార్గం

1871లో అమెరికాలో జేకబ్ సాయర్ ఒక కొత్త కదురుకు పేటెంటు పొందాడు. అతడు కండె అడుగు భాగాన్ని లోపల తొలిపించి, మెడ ఆధారాన్ని ఆ తొలుపులోనికి ఎత్తి నిలిపాడు. అంతవరకు బరువుకు కింద ఎక్కడో ఉన్న ఆధారం ఇప్పుడు బరువు నడుమకు చేరువైంది. దానితో కడ్డీని సన్నగా, తేలికగా చేయటం సాధ్యమైంది. నిమిషానికి సుమారు 5,500 చుట్లుగా ఉన్న వేగం 7,500 దాకా పెరిగింది.

అదే దశకం చివరి సంవత్సరాలలో ఫ్రాన్సిస్ రాబెత్ రూపొందించిన కదురు మరొక అడుగు ముందుకు వేసింది. రాబెత్ మెడ ఆధారాన్ని బిగించలేదు. దానిని ఒక గొట్టంలో కొద్దిపాటి వదులుతో ఉంచి, చుట్టూ మెత్తని పదార్థం కూర్చి, నూనెలో ముంచి ఉంచాడు. కదురు కావలసి వచ్చినప్పుడు వెంట్రుకవాసి పక్కకు జరగవచ్చు. దీనితో వేగం 10,000 చుట్ల దాకా చేరుకొంది.

వదులు చేస్తే స్థిరత్వం ఎలా వచ్చింది? దీనికి సమాధానం పిల్లలు ఆడే బొంగరంలో కొంత దొరుకుతుంది. తాడు లాగి వదిలిన బొంగరం మొదట అల్లాడుతుంది. తరువాత కదలనట్లే నిలిచి గిర్రున తిరుగుతుంది. దానిని ఎవరూ పట్టి నిలపలేదు. తన నిలకడను తానే వెదుకుకొంది. మెత్తని ఆధారంలో ఉన్న కదురు కూడా ఒక వేగం వరకు అల్లాడుతుంది. ఆ వేగాన్ని దాటిన తరువాత, మనిషి గీసిన నడిమి గీత చుట్టూ కాక, తన బరువుకు నిజమైన కేంద్రం చుట్టూ తిరగటానికి కుదురుకొంటుంది. గట్టి ఆధారం ఈ అవకాశాన్ని ఇవ్వదు. అయితే విడుపు ఒక్కటే చాలదు. వదులు మితిమీరితే కదురు ఊగిసలాట ఆగదు. ఆ ఊపును మెల్లగా మింగివేసే గుణం నూనెకు ఉంది. నేటి కదుళ్లలో కూడా అడుగు ఆధారం నూనెలో ఉండి ఈ పనినే చేస్తుంది.

విడువవలసిన చోటు ఇదైతే, పట్టవలసిన చోటు మరొకటి ఉంది. అది కదురుకూ కండెకూ నడుమ. కండె వదులుగా కూర్చుంటే జారుతుంది, పురి తగ్గుతుంది, నూలు బలహీనమవుతుంది. మరీ బిగుసుకుపోతే నిండిన కండెను ఊడదీయటం కష్టమవుతుంది. కొయ్య కండెలు గాలిలోని తేమకు ఉబ్బి, ఎండకు ముడుచుకొని ఈ పట్టును చెడగొట్టేవి. తరువాత ప్లాస్టిక్ గొట్టాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. కదురు పైభాగాన్ని కొద్దిగా కొనదేలినట్లు చేస్తారు. వాడుకలో ఉన్న ఒక కొలత ప్రకారం 38 మిల్లీమీటర్ల పొడవుకు ఒక మిల్లీమీటరు చొప్పున దాని మందం తగ్గుతుంది. కొన్ని రకాలలో స్ప్రింగుతో పనిచేసే చిన్న బొడిపెలు కండెను లోపలినుండి నొక్కి నడుమన నిలుపుతాయి.

4. పైన వేలాడే కండె

రింగు యంత్రానికి పై వరుసలో మరొక రకం కండెలు ఉంటాయి. వాటిమీద ఇంకా నూలుగా మారని, చాలా తక్కువ పురి ఉన్న దూది పేట చుట్టి ఉంటుంది. దీనిని రోవింగ్ అంటారు. పూర్వం ఈ కండెను ఒక కొయ్య పుల్లకు గుచ్చి, ఆ పుల్ల కొనను పింగాణీ గిన్నెలో నిలిపేవారు. కండె తిరగటానికి కావలసిన లాగుడును రోవింగే భరించవలసి వచ్చేది. పుల్ల కొన అరిగినా, గిన్నెలో దూది నలుసు చేరినా కండె మొరాయించేది. అప్పుడు ఆ మెత్తని పేట సాగి సన్నబడేది. ఆ సన్నదనమే కింద నూలులో లోపమై కనిపించేది. తరువాత కండెను పైనుండి వేలాడదీసే గొడుగువంటి ఆధారాలు వచ్చాయి. వాటిలోని గుండ్ల బేరింగు వల్ల కండె స్వల్పమైన లాగుడుకే తిరుగుతుంది. బలహీనమైన పోగుచేత బరువు లాగించరాదన్న చిన్న వివేకం నూలు నాణ్యతను పెంచింది.

5. భారతదేశంలో

జంషెడ్‌జీ టాటా నాగపూరులో స్థాపించిన ఎంప్రెస్ మిల్లు 1877 జనవరి 1న ప్రారంభమైంది. 1880లలో ఆ మిల్లు రింగు కదుళ్లను చేపట్టింది. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మ్యూల్‌ను నమ్ముకొని ఉన్న కాలంలోనే ఇక్కడ ఈ మార్పు జరిగింది. అక్కడ మ్యూల్ ఇరవయ్యవ శతాబ్దంలో కూడా చాలాకాలం కొనసాగింది.

మిల్లులకు వెలుపల రాట్నం కథ వేరుగా నడిచింది. దేశంలోని అనేక సంప్రదాయ రాట్నాలలో కదురును ఇనుప బేరింగులు పట్టి ఉంచలేదు. తోలుముక్కలు, పేనిన నార వంటి మెత్తని వస్తువులే దానికి ఆధారమయ్యాయి. అవి చవకగా, చేతికందేటట్లు ఉండేవి. వేగం తక్కువైనా మెత్తని ఆధారం కదురుకు కొంత విడుపు ఇచ్చింది. శ్రీకాకుళం ప్రాంతంలోని పొందూరులో స్త్రీలు ఒంటి కదురు రాట్నంమీదనే నూరవ నంబరు వంటి సన్నని నూలును వడికి పేరు తెచ్చారు. ఒక పౌను దూదినుండి 840 గజాల చొప్పున నూరు చిలపలు వస్తే అది నూరవ నంబరు నూలు. చేతి నేర్పు తోడైతే సామాన్యమైన కదురు ఎంత దూరం పోగలదో దీనివల్ల తెలుస్తుంది.

కాని ఒక్క కదురుమీద వచ్చే కూలి తక్కువ. అందుకే 1929లో అఖిల భారత చరఖా సంఘం మేలైన రాట్నాన్ని కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ రూపొందించిన అంబర్ చరఖా 1950లలో వ్యాప్తిలోనికి వచ్చింది. అది ఒక విధంగా ఇంటిలో ఇమిడే రింగు యంత్రమే. అనేక కదుళ్లు ఒకే పిడితో తిరిగాయి. మిల్లులో పుట్టిన కదురు ఈ విధంగా గ్రామంలోని ఇంటికి చేరింది.

6. మెరుగు ఎవరికి?

కదురు మెరుగైతే పోగు తెగటం తగ్గుతుంది. పోగు తెగినప్పుడల్లా పరుగెత్తి అతికేది మిల్లు కార్మికులే. నేడు వెయ్యికి పైగా కదుళ్లు గల రింగు యంత్రాలు సామాన్యం. ఆ వరుసల నడుమ ఒక పూటలో వారు నడిచే దూరం చిన్నది కాదు. అదురు తగ్గితే చప్పుడు తగ్గుతుంది, విద్యుత్తు ఆదా అవుతుంది, నడక తగ్గుతుంది.

అయితే చరిత్రలో ప్రతి మెరుగూ కార్మికునికి మేలుగా పరిణమించలేదు. మ్యూల్ నడపటానికి ఏళ్ల అనుభవం కావాలి. రింగు యంత్రానికి అంత నేర్పు అక్కరలేదు. అందువల్ల అమెరికా దక్షిణ రాష్ట్రాల మిల్లులలో తక్కువ కూలికి పిల్లలను పెట్టుకొన్నారు. నిండిన కండెలను ఊడదీసి ఖాళీవి పెట్టే పని వారిదే. 1908 నుండి లూయిస్ హైన్ తీసిన ఛాయాచిత్రాలలో కదుళ్ల వరుసల ముందు నిలిచిన ఆ పసివారు కనిపిస్తారు. యంత్రం అందేందుకు దానిపైకి ఎక్కి నిలుచున్న బాలురూ ఉన్నారు. కదురుకు మెత్తని ఆధారం కల్పించిన తెలివి, ఆ కదురు ముందు నిలిచిన పసివానికి ఆధారం కల్పించటానికి చాలా ఆలస్యం చేసింది.

7. ముగింపు

ఇప్పుడు రింగు కదుళ్లు నిమిషానికి 20,000 చుట్లకు పైగా కూడా తిరుగుతున్నాయి. కదురు లేకుండా నూలు తీసే రోటర్, ఎయిర్‌జెట్ పద్ధతులు వచ్చాయి. అయినా సన్నదనం, బలం కావలసిన చోట రింగు నూలుకు ఆదరణ తగ్గలేదు.

ఒక్క కడ్డీని నిలబెట్టే ప్రయత్నంలో ఇన్ని తరాల ఆలోచన ఇమిడి ఉంది. బలప్రయోగంతో కాక బరువుకు చేరువగా ఆధారాన్ని జరిపి సాయర్ సాధించాడు. దానికి కాస్త విడుపునిచ్చి రాబెత్ సాధించాడు. పట్టు విడుపులు తెలిసి మెలగాలని పెద్దలు చెప్పే మాట మనుషులకే కాక కదురుకూ వర్తిస్తుంది. ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో తెలియటమే నేర్పు.

కఠిన పదాలకు అర్థాలు

కదురు : నూలు వడికే కడ్డీ
కండె : నూలు చుట్టిన గొట్టం, బాబిన్
ఏకు : వడకటానికి సిద్ధం చేసిన దూది చుట్ట
చిలప : నిర్ణీత కొలత గల నూలు కట్ట
అపకేంద్ర బలం : తిరిగే వస్తువును కేంద్రంనుండి వెలుపలికి తోసేదిగా తోచే బలం
పరిణమించు : మారు

సంధి : ఉదంక + ఉపాఖ్యానం = ఉదంకోపాఖ్యానం (గుణసంధి)
సమాసం : తెలుపు నలుపులు – తెలుపూ, నలుపూ (ద్వంద్వ సమాసం)

ప్రశ్నలు

1. రింగు వడుకు పద్ధతికీ, రాట్నంమీది వడుకుకూ గల భేదాన్ని వివరించండి.
2. సాయర్, రాబెత్ కదుళ్ల నిర్మాణంలోని తేడాలను తెలపండి.
3. "ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో తెలియటమే నేర్పు" – పాఠం ఆధారంగా సమర్థించండి.
4. యంత్రం మెరుగుపడితే కార్మికుని జీవితం దానంతట అదే మెరుగుపడుతుందా? మీ అభిప్రాయం రాయండి.