గండికోటలో ఒక రాత్రి: వ్యానుకు ఎంత సోలార్ కావాలి?



సంక్రాంతి సెలవుల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి చాలా కుటుంబాలు గండికోటకు వెళ్తుంటాయి. పడకలు, చిన్న ఫ్రిజ్ ఉన్న క్యాంపర్ వ్యానులో వెళ్లి, కరెంటు కనెక్షన్ లేని చోట ఒక రోజు ఉండాలనుకుందాం. వ్యాను పైన ఎంత సోలార్ ఉండాలి? ప్యానెల్ సైజు గురించి తర్వాత ఆలోచిద్దాం. ముందు తేలాల్సింది, రోజుకు ఎంత కరెంటు వాడతామన్నది. పదో తరగతి విద్యుత్ పాఠం చదివిన పిల్లలు ఈ లెక్క చేయగలరు.

మొదటి మెట్టు: వాట్లను గంటలతో గుణించాలి.

• 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 2, 5 గంటలు: 90
• 25 వాట్ల ఫ్యాన్లు 2, 8 గంటలు: 400
• నాలుగు ఫోన్ల చార్జింగ్: సుమారు 60
• 50 వాట్ల ల్యాప్‌టాప్, 2 గంటలు: 100
• చిన్న 12 వోల్టుల ఫ్రిజ్, రోజంతా: సుమారు 500

మొత్తం 1,150 వాట్ అవర్లు. 1,000 వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి, ఇది యూనిట్ కంటే కొంచెం ఎక్కువ.

రెండో మెట్టు: వైర్లు, బ్యాటరీ, దుమ్ము, వేడి వల్ల నాలుగో వంతు పోతుందనుకుందాం. 1,150ని 0.75తో భాగిస్తే సుమారు 1,530. మన ప్రాంతంలో రోజుకు దాదాపు 5 గంటల నిండు ఎండతో సమానమైన వెలుతురు దొరుకుతుంది. 1,530ని 5తో భాగిస్తే 306 వాట్లు. మబ్బులకు కొంత కలుపుకుని 400 వాట్ల ప్యానెల్ తీసుకుంటే నిశ్చింత.

మూడో మెట్టు: బ్యాటరీ. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 1,200 వాట్ అవర్లు ఉంటాయి. లిథియం అయితే అందులో సుమారు 80 శాతం, మామూలు లెడ్ యాసిడ్ అయితే సగమే వాడుకోవడం మంచిది. రాత్రి అవసరానికి లిథియం ఒకటి చాలు, లెడ్ యాసిడ్ అయితే రెండు కావాలి.

"ఏసీ కూడా పెడదాం" అని పిల్లలు అడుగుతారు. లెక్క వాళ్లనే చేయమనండి. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడిస్తే సుమారు 6 యూనిట్లు అవుతుంది. దానికే 1,600 వాట్లు, అంటే 400 వాట్ల ప్యానెళ్లు నాలుగు కావాలి. ఒక్కోటి సుమారు 20 చదరపు అడుగులు. చిన్న వ్యాను పైన అవి పట్టవు.

పిల్లలు తరచుగా పొరపడే విషయం ఇంకొకటుంది. మన మే నెల వేడికి కరెంటు ఎక్కువ వస్తుందనుకుంటారు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ వేడి పెరిగే ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అలాగని వ్యానును వేపచెట్టు నీడలో ఆపితే మనకు చల్లగా ఉంటుంది గానీ బ్యాటరీ నిండదు.

2024లో పీఎం సూర్య ఘర్ పథకం మొదలయ్యాక ఇంటిపైన సోలార్ గురించి చాలామంది ఆలోచిస్తున్నారు. అక్కడా మొదటి మెట్టు ఇదే. ఎవరో చెప్పిన సైజు కొనే ముందు మీ వాడకం మీకు తెలియాలి.

ఈ నెల ఇంటిపని: ఒక ఆదివారం ఉదయం, మళ్లీ సోమవారం అదే సమయానికి కరెంటు మీటరు రీడింగ్ రాయించండి. ఇంట్లోని వస్తువుల వాట్లు, వాడిన గంటలతో పిల్లలు వేసిన లెక్కను దానితో పోల్చండి. రెండూ కలవకపోతే, ఏ వస్తువును లెక్కలో మరిచిపోయారో వాళ్లనే వెతకనివ్వండి.