ప్రశ్నయే ప్రథమ గురువు



లాంటానా పొదను మీలో చూడనివా రుండరు. దానియందు కొన్ని గులాబివన్నె పూలతోను, కొన్ని నారింజవన్నె పూలతోను కనబడును. ఏ జాతి సీతాకోకచిలుక ఏ వన్నె పూవుపై వ్రాలుచున్నదో ఎన్నడైన లెక్కించితిరా? ఈ చిన్న ప్రశ్న నడిగి, దాని ఫలితమును 1960లో ‘నేచర్’ అను లోకప్రసిద్ధమైన పత్రికయందు ప్రకటించిన యువకుడు మన తెలుగువాడే. ఆయనయే ద్రోణంరాజు కృష్ణారావుగారు.

ఆయన 1937లో పిఠాపురమున జన్మించి, వృక్షశాస్త్రము నభ్యసించెను. 1957లో ఆంగ్లశాస్త్రజ్ఞుడైన జె. బి. ఎస్. హాల్డేన్ స్వదేశమును విడిచి, కలకత్తాలోని భారత గణాంక సంస్థయందు చేరెను. కృష్ణారావుగారు ఆయనకు శిష్యులైరి.

హాల్డేన్ జన్యుశాస్త్రమున మహాపండితుడు. అయినను ఆయనకు విజ్ఞానశాస్త్రమున పట్టము లేదు! ఆక్స్‌ఫర్డునందు గణితమును, పిమ్మట గ్రీకు లాటిను వాఙ్మయములను, తత్త్వశాస్త్రమును చదివెను. బాల్యమున తండ్రిగారి ప్రయోగములలో తోడ్పడుటయు, చెల్లెలితో గూడి గినీపందులను పెంచి వాని సంతతిని పరిశీలించుటయు ఆయనకు తొలి పాఠశాల లయ్యెను. కావున పట్టము అనవసరమని తలపరాదు. పట్టము ద్వారమువంటిది, లోపలికి నడుచుటకు కుతూహలమను కాళ్లు కావలెను.

బీదదేశమున పరిశోధన సాగదను మాట హాల్డేన్ ఒప్పుకొనలేదు. ఆయన శిష్యుడొకడు పారిజాతపు పూల రేకులను లెక్కించెను. కృష్ణారావుగారు సీతాకోకచిలుకలను లెక్కించి, వానిలో జాతినిబట్టి వన్నెయందు ఇష్టము భేదించునని కనుగొనిరి. ఒక వన్నె పూల పుప్పొడి ఆ వన్నె పూలకే చేరుచుండినచో, నడుమ కొండగాని సముద్రముగాని లేకయే, ఒక జాతి క్రమముగా రెండు జాతులు కావచ్చును. చూచితిరా! రెండు కన్నులు, ఒక పుస్తకము, ఓపిక — ఇవియే ఆ పరిశోధనకు పరికరములు.

వారి మరియొక ప్రశ్న మన యిండ్లకు సంబంధించినది. మేనరికపు వివాహములు ఆంధ్రదేశమున ఎంత తరచుగా జరుగుచున్నవి? వానివలన సంతానమునకు కలుగు ఫలమేమి? సగటున అన్నదమ్ముల బిడ్డలకు గాని, అత్త మామల బిడ్డలకు గాని జన్యువులలో ఎనిమిదవవంతు ఉమ్మడిగా నుండును. మేనమామకును మేనకోడలికిని నాలుగవవంతు. దోషముగల జన్యువు ఒక్కటి యున్నప్పుడు సాధారణముగా దాగియుండును. తల్లినుండియు తండ్రినుండియు అదే వచ్చినచో బయటపడును. బంధుత్వము దగ్గరయైన కొలది ఆ యపాయము హెచ్చును. ప్రతి బిడ్డకును కీడు కలుగునని కాదు; హెచ్చుటయే నిజము. ఆచారమును నిందింపక లెక్కతో పరీక్షించుట శాస్త్రమార్గము.

ఇంకొక పాఠము గలదు. చెవిదొప్పలపై వెండ్రుకలు మొలచు లక్షణము తండ్రినుండి కుమారునికే, వై క్రోమోసోము ద్వారా, సంక్రమించునని కృష్ణారావుగారు వంశవృక్షములను బట్టి వ్రాసిరి. పాఠ్యపుస్తకములును చాలకాలము అట్లే బోధించినవి. దక్షిణభారత పురుషులపై జరిపి, 2004లో ప్రకటించిన అణుపరీక్షలు మాత్రము దానికి వ్యతిరేకముగా సాక్ష్యమిచ్చినవి. ఇది అవమానము కాదు. పరీక్షింపదగినట్లు స్పష్టముగా చెప్పినవాని మాటయే సరిదిద్దబడును. అస్పష్టముగా చెప్పినవాని తప్పు ఎన్నటికిని బయటపడదు.

హాల్డేన్ భారతపౌరుడై, భువనేశ్వరమున 1964 డిసెంబరు 1వ తేదీన మరణించెను. ఆయన కోరికననుసరించి దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు ఒసంగిరి. జీవితమంతయు బోధించిన గురువు, మరణానంతరమును తెలుగు విద్యార్థులకు పాఠమయ్యెను! శిష్యుడు అమెరికాలోని హ్యూస్టన్ నగరమున స్థిరపడి, గురువుగారి జీవితమును గ్రంథస్థము చేసి, 2020లో కీర్తిశేషుడయ్యెను.

“ఏ చదువు చదివిన ఏ యుద్యోగము దొరకును?” అని మీరు తరచుగా అడుగుదురు. కుటుంబభార మెరిగినవా రడుగవలసిన ప్రశ్నయే యది. కాని దానితోపాటు, “ఏ ప్రశ్న నన్ను నిదురపోనీయకున్నది?” అనియు అడుగుకొనుడు. పూర్వము సింహళభిక్షువులు సముద్రము దాటి వచ్చి మన విజయపురిలో విహారమున వసించిరి. జ్ఞానార్థులకు ఈ నేల క్రొత్తది కాదు. రేపు ఉదయము ఒక పుస్తకము పట్టుకొని పొదయొద్ద గంటసేపు కూర్చుండుడు. వ్రాలిన ప్రతి సీతాకోకచిలుకకు ఒక గీత గీయుడు. శాస్త్రమునకు అదియే ఓనమాలు.