సౌరేతర గ్రహాలు: పుట్టుక, వలస, పరిణామం

కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ వాయువు, ధూళి పళ్లెంలా తిరుగుతుంటాయి. ధూళి రేణువులు అతుక్కుని శకలాలవుతాయి, శకలాలు కలిసి గ్రహ గర్భాలవుతాయి. భూమికి సుమారు 10 రెట్ల బరువుకు చేరిన గర్భం చుట్టూ ఉన్న వాయువును లాక్కుని బృహస్పతి లాంటి గ్రహంగా మారుతుంది. ఇదంతా వాయువు చెదిరిపోకముందే, అంటే సాధారణంగా కోటి ఏళ్లలోపే జరగాలి.

1995లో ఖగోళ శాస్త్రవేత్తలు మేయర్, క్వెలోజ్ కనుగొన్న 51 పెగాసి బి అనే భారీ గ్రహం తన నక్షత్రాన్ని 4.2 రోజులకే చుట్టేస్తుంది. అంత దగ్గర భారీ గ్రహం పుట్టడం కష్టం. దూరంగా పుట్టి లోపలికి వలస వచ్చిందన్నదే ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పళ్లెంలోని వాయువుతో గురుత్వ లాగులాట ఒక దారి. మరో గ్రహమో నక్షత్రమో కక్ష్యను సాగదీయగా, మాతృ నక్షత్రపు టైడల్ బలాలు దాన్ని కుదించడం రెండో దారి. ఈ రెండో దారికి మన దేశపు ఉదాహరణే ఉంది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ (పీఆర్ఎల్) శాస్త్రవేత్తలు మౌంట్ అబూలోని పారస్ పరికరంతో గుర్తించి, 2023లో ప్రకటించిన టీఓఐ-4603బి అది. బరువు బృహస్పతికి దాదాపు 13 రెట్లు, కక్ష్యా కాలం 7.25 రోజులు, ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే కొలత; పూర్తి వృత్తానికి సున్నా) సుమారు 0.3. కక్ష్య ఇంకా గుండ్రబడుతోందన్నమాట.

వలసతోనే కథ ముగియదు, ఆ తర్వాత పరిణామం కూడా ఉంటుంది: నక్షత్రానికి మరీ దగ్గరున్న చిన్న గ్రహాల వాతావరణం కాలక్రమంలో ఊడిపోతుంది.

పరీక్షకు పనికొచ్చేవి: మేయర్, క్వెలోజ్‌లకు నోబెల్ వచ్చింది 2019లో. అదే ఏడాది హెచ్‌డీ 86081 నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరిట ‘బిభా’ అని, దాని గ్రహానికి ‘సంతమస’ అని భారత్ తరఫున పేర్లు ఖరారయ్యాయి.