పంపు ముట్టుకునే ముందు



శ్రీనూ, నీ 240డి కారు పొద్దున్నే స్టార్టు కావడానికి మొరాయిస్తోందనీ, తెల్లపొగ కక్కుతోందనీ, పికప్ తగ్గిందనీ రాశావు. ఇంజెక్షన్ పంపు టైమింగు కాస్త ముందుకు జరిపితే సరిపోతుందని షెడ్డులో అన్నారట. ఇప్పుడే జరపనివ్వకు. టైమింగు వెనకబడితే ఈ లక్షణాలు వస్తాయన్నది నిజమే, కానీ వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా ఇవే వస్తాయి. డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని 21 వంతుల నుంచి ఒక వంతుకు నొక్కితే పుట్టే వేడే దానికి నిప్పు. వాల్వు దగ్గర గాలి జారిపోతుంటే ఆ వేడి చాలదు. అప్పుడు డీజిల్ ఎంత సరైన క్షణాన పడినా సరిగా అంటుకోదు. ఆ స్థితిలో పంపు తిప్పడమంటే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పడమే. ముందు వాల్వులు చూడాలి, తరవాత చైను, ఆఖరున పంపు.

ట్యాపెట్ శబ్దమే లేదు కదా, వాల్వులు బాగున్నట్టే కదా అంటావేమో. నాకు భయం ఆ నిశ్శబ్దం గురించే. వాడకంలో వాల్వూ దాని సీటూ అరిగి, వాల్వు హెడ్‌లోకి కూరుకుపోతుంది. దాంతో రాకర్ దగ్గరి సందు పెరగకపోగా తరుగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు సీటును ఆనుకుని ఉన్న సమయంలోనే తన వేడిలో ఎక్కువ భాగాన్ని వదిలించుకుంటుంది. సందు పూర్తిగా పోతే ఆనడం ఉండదు, అంచు కాలిపోతుంది. శబ్దం చేసే వదులు వాల్వు నిన్ను హెచ్చరిస్తుంది, బిగుసుకున్నది చెప్పకుండా కాలుతుంది. నీ కారులోని ఓఎం616 ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.10, ఎగ్జాస్ట్ 0.30 మిల్లీమీటర్లు. కామ్ ముక్కు రాకర్‌కు దూరంగా పైకి తిరిగి ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి, 14 సైజు స్పానర్లు రెండు పట్టి సరిచేయాలి. ఇంజనును క్రాంక్ బోల్టుతో, అది తిరిగే దిక్కునే తిప్పు. కామ్‌షాఫ్ట్ బోల్టు పట్టి తిప్పొద్దు. టెంపో ట్రాక్స్‌లో వచ్చింది ఈ ఇంజను సంతతే కాబట్టి ఈ పని చేతికి అలవాటైన మేస్త్రీలు మన ఊళ్ళలో దొరుకుతారు.

ఇక చైను. కామ్‌షాఫ్టునూ పంపునూ తిప్పేది ఒకే చైను. అది సాగితే వాల్వులు ఆలస్యంగా కదులుతాయి, పంపూ ఎంతో కొంత వెనకబడుతుంది. కామ్ గుర్తు కలిపి, కింద క్రాంక్ ఎన్ని డిగ్రీలు చూపిస్తోందో చదివితే ఆ సాగు బయటపడుతుంది. అది చూడకుండా పంపు సరిచేస్తే పొగ తగ్గవచ్చు గానీ వాల్వుల ఆలస్యం అలాగే ఉండిపోతుంది.

ఆఖరున పంపు. అనుభవమున్న మేస్త్రీ దాని టైమింగును చెవితోనే పెట్టేస్తాడని నువ్వు వాదిస్తావు. ఆ చెవి మీద నాకూ గౌరవముంది. నాకింగ్ వినిపిస్తోందని అది చెప్పగలదు, ఎందుకో చెప్పలేదు. సుమారు 115 బార్ దగ్గర తెరుచుకోవాల్సిన నాజిల్ కారుతున్నా అదే కొట్టుడు. పైగా 2400 ఆర్‌పీఎం దగ్గర ఒక డిగ్రీ అంటే సెకనులో 14,400వ వంతు. అందుకే ఈ ఇంజనుకు చుక్కల పద్ధతి ఉంది. మొదటి సిలిండర్ కంప్రెషన్ మీద ఉండగా, పంపులో దాని డెలివరీ వాల్వునూ స్ప్రింగునూ తీసి, హోల్డర్ తిరిగి బిగించి, వంచిన గొట్టం పెట్టి, పంపు లీవర్‌ను ఫుల్ లోడ్‌లో ఉంచి, క్రాంక్‌ను మెల్లగా తిప్పాలి. ధార సన్నబడి సెకనుకు ఒక చుక్కగా మారిన చోట పుల్లీ మీద టీడీసీకి (పిస్టన్ పైకొసకు చేరే చోటికి) ముందు 24 డిగ్రీలు కనిపించాలి. దాటిపోతే వెనక్కి తిప్పకు, చైను వదులు అబద్ధం చెబుతుంది. మళ్ళీ రెండు చుట్లు ముందుకే తిప్పి రా. ఇంకో రెండు డిగ్రీలు ముందుకు పెడితే లాగుడు బాగుంటుందనేవాళ్ళూ ఉన్నారు. కొంత చురుకుదనం కనిపిస్తుంది, నిజమే. కానీ పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పెరిగే ఆ ఒత్తిడినంతా హెడ్ గాస్కెటూ పిస్టనూ మోయాలి. పాత ఇంజనుకు ఆ బరువు పెట్టొద్దు.

ఈ ఆదివారం పొద్దున, బండి స్టార్టు చేయకముందే, ఎనిమిది వాల్వుల సందులూ కొలువు. దేన్నీ సరిచేయకముందే ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసి నాకు చూపించు.

మీ పెదనాన్న