క్లోజర్‌లో మ్యాప్ చేస్తే మన వెక్టర్ ఏమైపోతుంది?

ఫోన్ రేటు తగ్గేదాకా ఆగి కొనడం మనందరికీ అలవాటే కదా! అందుకే నేను క్లోజర్‌లో ఓ చిన్న ప్రైస్ ట్రాకర్ రాసుకున్నాను. (ఇది ఫంక్షన్ క్లోజర్ కాదు, రిచ్ హికీ 2007లో విడుదల చేసిన లాంగ్వేజ్.) ధర 20,000 లోపు వస్తే అలర్ట్ రావాలి. ధర 18,999కి పడింది, అలర్ట్ మాత్రం రాలేదు. ఎర్రర్ కూడా లేదు. నేను చూసేసరికి సేల్ అయిపోయింది!

తప్పు ఎక్కడుందో చూద్దాం. పాత ధరలు [23000 22500] అనే వెక్టర్‌లో ఉన్నాయి. బ్యాంక్ ఆఫర్ కింద ఒక్కో దాంట్లోంచి 1000 తీసేయడానికి 'మ్యాప్' వాడాను. ఆఫర్ పోను ఆ రోజు ధర 18999ని 'కాంజ్'తో చేర్చాను. 'లాస్ట్'తో చివరిది తీస్తే 18999 రావాలి. వచ్చింది 21500.

ఎందుకంటే, వెక్టర్ ఇచ్చినా, లిస్ట్ ఇచ్చినా, సెట్ ఇచ్చినా మ్యాప్ దాన్ని ఒకేలా చూస్తుంది: మొదటిది ఏది, మిగతావి ఏవి? అంతే. ఇదే సీక్వెన్స్ అబ్‌స్ట్రాక్షన్. లాభమేంటంటే, ఒకే ఫంక్షన్ అన్ని కలెక్షన్లకీ సరిపోతుంది. కానీ తిరిగొచ్చేది వెక్టర్ కాదు, లేజీ సీక్వెన్స్. కాంజ్ వెక్టర్‌కైతే చివర చేరుస్తుంది, సీక్వెన్స్‌కైతే ముందు చేరుస్తుంది. అలా నా డేటా (18999 22000 21500) అయింది.

పరిష్కారం సింపుల్. మ్యాప్ బదులు 'మ్యాప్‌వీ' వాడండి, వెక్టరే వస్తుంది. ఇది 1.4 వెర్షన్ నుంచి ఉంది. లేదా 'ఇంటూ'తో ఖాళీ వెక్టర్‌లోకి పోయండి. ఖాళీ లిస్ట్‌లోకి పోస్తే మాత్రం వరుస తిరగబడుతుంది, ఎందుకంటే ఇంటూ లోపల చేసేదీ కాంజే.

మరి మ్యాపే టైప్‌ని కాపాడొచ్చుగా అంటారా? 1, 2, 3 ఉన్న సెట్ తీసుకుని, ఒక్కోటీ సరి సంఖ్యేనా అని మ్యాప్ చేయండి. మూడు జవాబులొస్తాయి. వాటిని మళ్లీ సెట్‌లో పెడితే ట్రూ, ఫాల్స్ రెండే మిగులుతాయి. అందుకే ఒక్కో లాంగ్వేజ్ ఒక్కో దారి పట్టింది. స్కాలాలో సెట్‌ని మ్యాప్ చేస్తే సెట్టే వస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కాట్లిన్‌లో లిస్ట్ వస్తుంది.

కాబట్టి మ్యాప్ రాసిన ప్రతిసారీ ఏం తిరిగొస్తుందో ఒకసారి ప్రింట్ చేసి చూసుకోండి. నేను చూసుకోలేదు, ఇంకా పాత ఫోనే వాడుతున్నాను!