పగిలిన అత్తరు బుడ్డి: మన దగ్గరున్న శ్రేష్ఠమైనది ఎవరికి?



ఈ వారం వీడియోలో బేతనియ మరియ గురించి ధ్యానించాం. టైమ్ సరిపోక కొన్ని విషయాలు పైపైనే చెప్పి వదిలేశాం. వాటిని ఇక్కడ కాస్త నెమ్మదిగా చూద్దాం. ముందుగా బైబిల్ తెరిచి యోహాను 12:1-8, మార్కు 14:3-9 చదవండి. మార్కు ఆ స్త్రీ పేరు చెప్పలేదు, యోహాను చెప్పాడు. ఈ రెండూ ఒకే సంఘటన అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. మనం కూడా అలాగే తీసుకుందాం.

సందర్భం

పస్కాకు ఆరు రోజుల ముందు. యెరూషలేముకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న బేతనియలో ప్రభువుకు విందు చేశారు. నాలుగు రోజులు సమాధిలో ఉండి తిరిగి లేచిన లాజరు ఆయనతో పాటు భోజనానికి కూర్చున్నాడు. మార్త వడ్డిస్తోంది. అప్పుడు మరియ అచ్చ జటామాంసి అత్తరు తెచ్చి ప్రభువు మీద పోసింది, తన తలవెంట్రుకలతో ఆయన పాదాలు తుడిచింది. ఇల్లంతా ఆ సువాసనతో నిండిపోయింది.

1. అది ఎంత విలువైనది?

జటామాంసి మనకు కొత్త పేరేమీ కాదు, ఆయుర్వేద తలనూనెల డబ్బాల మీద చూస్తూనే ఉంటాం. ఈ మొక్క హిమాలయాల్లో సుమారు 3,000 నుండి 5,000 మీటర్ల ఎత్తులో పెరుగుతుంది. దాని వేళ్ల నుండి నూనె తీస్తారు. అంత దూరం నుండి చేతులు మారుతూ యూదయ దాకా రావాలంటే ఖరీదు ఎంత ఉంటుందో ఆలోచించండి. మరియ తెచ్చింది గ్రీకు మూలంలో ఒక 'లిత్రా', అంటే దాదాపు 325 గ్రాములు.

దాని వెల 300 దేనారములని యూదా ఇస్కరియోతు అక్కడికక్కడే లెక్క కట్టాడు. మత్తయి 20:2 ప్రకారం ఒక దేనారం ఒక కూలివాడి రోజు కూలి. విశ్రాంతి దినం తీసేస్తే వారానికి ఆరు రోజుల పని. 300ని 6తో భాగిస్తే 50 వారాలు. అంటే ఒక మనిషి ఏడాదంతా చెమటోడ్చి సంపాదించింది కొన్ని నిమిషాల్లో పోసేసింది అన్నమాట. యోహాను 6:7లో అయిదు వేలమంది పురుషులున్న జనాన్ని చూసి, 200 దేనారముల రొట్టెలైనా వీళ్లకు చాలవని ఫిలిప్పు అన్నాడు. ఇక్కడ దానికి ఒకటిన్నర రెట్లు!

మార్కు ఇంకో మాట రాశాడు. ఆమె బుడ్డిని పగలగొట్టింది. కొంచెం పోసి, మిగతాది మూతపెట్టి అల్మారాలో దాచుకునే అవకాశం తనకు తాను ఉంచుకోలేదు.

2. "వృథా" అన్నది యూదా ఒక్కడేనా?

ఇక్కడ మనం సాధారణంగా తొందరపడతాం. యూదా దొంగ కాబట్టి అలా అన్నాడు అని ముగించేస్తాం. యోహాను ఆ మాట చెప్పాడు, నిజమే. కానీ మత్తయి 26:8 చూస్తే మిగతా శిష్యులకు కూడా కోపం వచ్చింది. వాళ్లు దొంగలు కారు. పేదలకు ఇవ్వొచ్చు కదా అన్న వాళ్ల ప్రశ్న న్యాయంగానే ఉంది. ఈ రోజు మన సంఘంలో ఎవరైనా ఇలా చేస్తే మనలో చాలామంది అదే అడుగుతాం.

ప్రభువు ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. బీదలు ఎప్పుడూ మీతో ఉంటారని చెప్పినప్పుడు ఆయన ద్వితీయోపదేశకాండము 15:11ని గుర్తుచేస్తున్నారు. ఆ వచనం అక్కడితో ఆగదు, కాబట్టి బీదవానికి నీ చెయ్యి చాపాలి అని ఆజ్ఞాపిస్తుంది. మార్కు 14:7లో కూడా మీకు ఇష్టమైనప్పుడెల్లా వాళ్లకు మేలు చేయవచ్చని ప్రభువు అన్నారు. పేదల్ని పక్కన పెట్టడానికి ఈ వాక్యభాగాన్ని వాడుకోకూడదు. తేడా ఏమిటంటే, పేదల పట్ల బాధ్యత రోజూ ఉంటుంది, ఆ గడియ మాత్రం మళ్లీ రాదు.

మత్తయి, మార్కు ఇద్దరూ ఈ సంఘటన వెంటనే యూదా ప్రధానయాజకుల దగ్గరికి వెళ్లడం రాశారు. మత్తయి ప్రకారం అతనికి దొరికింది 30 వెండి నాణెములు. ఒక్కో నాణెం నాలుగు దేనారములని లెక్కిస్తే 120. మరియ పోసేసిన అత్తరు వెలలో సగం కూడా కాదు. ఇద్దరూ ప్రభువుకు ఒక వెల కట్టారు.

3. సమయానికి ఇచ్చింది

సిలువ తర్వాత నీకొదేము దాదాపు 100 లిత్రాల బోళము, అగరు కలిపి తెచ్చాడు (యోహాను 19:39). మరియ తెచ్చిన దానికి నూరు రెట్ల బరువు! అది నిజమైన ప్రేమే. కానీ అప్పటికి ప్రభువు మరణించారు. ఆదివారం తెల్లవారుజామున స్త్రీలు సుగంధద్రవ్యాలు తెచ్చేసరికి సమాధి ఖాళీగా ఉంది, పూయడానికి దేహం లేదు. తన భూస్థాపన కోసం ముందుగానే అభిషేకించినది ఈమె అని ప్రభువే చెప్పారు. ఆమె తాను చేయగలిగింది, చేయగలిగిన సమయంలో చేసింది.

4. రెండు జాగ్రత్తలు

మొదటిది, అర్పణ వ్యాపారం కాదు. "ఇంత వేస్తే ఇంతకు నూరు రెట్లు" అనే ప్రసంగాలు మనం వింటూనే ఉంటాం. మరియ ఏమీ అడగలేదు. లాజరు అప్పటికే ఆమె ఇంట్లో బ్రతికి ఉన్నాడు. పొందిన దానికి పొంగిన హృదయం అది, పొందబోయే దానికి కట్టిన అడ్వాన్స్ కాదు.

రెండవది, వేరేవాళ్లకు చెందాల్సింది దేవునికి ఇవ్వలేం. మార్కు 7:10-13లో 'కొర్బాను' గురించి ప్రభువు ఎంత గట్టిగా మాట్లాడారో చూడండి. అమ్మానాన్నలకు అందాల్సిన సహాయాన్ని దేవునికి అర్పితం అని చెప్పి ఆపేయడాన్ని ఆయన తప్పుబట్టారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మనకే. నాన్న మందుల డబ్బు, ఇంటి అప్పు వాయిదా ఆపేసి కానుక పెట్టెలో వేస్తే అది మరియ అర్పణ కాదు. మన వంతు నుండి, మన సుఖం నుండి తీసి ఇచ్చినదే మన అర్పణ.

మన బుడ్డి ఏది?

అందరికీ అది డబ్బే కానక్కర్లేదు. చాలామందికి జీతంలో దశమభాగం ఇవ్వడం కన్నా ఫోన్ పక్కన పెట్టి అరగంట ప్రభువు పాదాల దగ్గర కూర్చోవడం కష్టం. రోజులో తాజా గంటలు ఆఫీసుకి, మిగిలినవి రీల్స్‌కి, కళ్లు మూతలు పడే చివరి అయిదు నిమిషాలు ప్రార్థనకి. మరియను సువార్తల్లో మూడుసార్లు చూస్తాం (లూకా 10:39, యోహాను 11:32, 12:3), మూడుసార్లూ ఆయన పాదాల దగ్గరే. బుడ్డి పగిలింది చివర్లో. ముందు ఆమె వినడం నేర్చుకుంది.

ఈ వారం ఈ మూడు ప్రశ్నలు రాసుకుని ప్రార్థించండి:

• నేను ఎవరికీ ఇవ్వకుండా మూత పెట్టి దాచుకున్నది ఏది?
• నేను ప్రభువుకు ఇస్తున్నది మొదటి భాగమా, మిగిలిన భాగమా?
• "తర్వాత చేద్దాం" అని వాయిదా వేస్తున్న ఏ సేవ ఈ రోజే చేయగలను?

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, నీ కుమారుణ్ణే మా కోసం ఇచ్చావు. మా దగ్గరున్న శ్రేష్ఠమైనదాన్ని లెక్కలు వేసుకోకుండా, ఆలస్యం చేయకుండా నీ పాదాల దగ్గర పెట్టే మనసు మాకు దయచేయి. మా మధ్య ఉన్న బీదలకు చెయ్యి చాపడం మరువనీయకు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.