ఖాళీ హార్డ్ డిస్కులో విండోస్ ఎక్స్‌పీ

ప్రశ్న: మా డీటీపీ సెంటర్లో పాత కంప్యూటర్ హార్డ్ డిస్కు పోతే కొత్తది వేశాం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్ల కోసం ఎక్స్‌పీయే కావాలి. సీడీ పెట్టిన కాసేపటికి నీలం తెర వచ్చి ఆగిపోతోంది. కొత్త డిస్కు కూడా చెడిపోయినట్టేనా?

జవాబు: డిస్కును అప్పుడే అనుమానించకండి. ఆ నీలం తెర మీద స్టాప్ అన్న మాట పక్కనున్న అంకె చివర 7బి అని ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు తంటా డ్రైవరుదే. ఎక్స్‌పీ 2001 నాటిది. సాటా డిస్కుల ఏహెచ్‌సీఐ పద్ధతి దాని సీడీకి తెలియదు. బయోస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈకి మార్చి సేవ్ చేయండి. పాత బోర్డుల్లో సాధారణంగా ఇంతతో దారి దొరుకుతుంది.

తర్వాత ఎఫ్8 నొక్కి షరతులు ఒప్పుకుని, ఖాళీ స్థలం మీద సి నొక్కి పార్టిషన్ చేసి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి. ఫైళ్లు కాపీ అయ్యాక మిషన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు, సీడీ నుంచి బూట్ కావాలంటే ఏదైనా కీ నొక్కమని అడుగుతుంది. నొక్కకండి! నొక్కితే కథ మళ్లీ మొదటికొస్తుంది. కీబోర్డు ముట్టుకోకుండా ఉంటే మిగతా పని డిస్కు నుంచే సాగుతుంది.

సర్వీస్ ప్యాక్ లేని మొదటి సీడీ అయితే 137 జీబీకి మించి చూడలేదు. ఎస్‌పీ3 కలిసిన సీడీ వాడండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. ఆ మిషన్‌కు ఇంటర్నెట్ ఇవ్వొద్దు. పెన్‌డ్రైవ్‌ను ముందు వేరే కంప్యూటర్లో స్కాన్ చేశాకే అందులో పెట్టండి.